నోట్లో నార

"మళ్ళీ చచ్చిందండి," అన్నారు డాక్టర్ షహనాజ్, తెర మీద ఎర్రగీత చూసి.

"ఆ మాట మాత్రం అనకండి తల్లీ," అన్నాడు చిట్టబ్బాయి. "ఒకసారి విన్నాను, చాలు."

ఇది 2061లో కడియపులంక. పూలబుట్టలు డ్రోన్లలో పోతున్నాయి, దండలు మెషీన్లే కట్టేస్తున్నాయి, నిమిషానికి ఎనభై మూరలు! అలాంటి ఊళ్ళో చిట్టబ్బాయి ఇంట్లో మాత్రం పాతికేళ్ళ నాటి కంప్యూటరు ఉంది. అందులో, పోయిన ఆయన భార్య వరహాలమ్మ గొంతుంది. రికార్డింగు కాదండోయ్! ఇంట్లో మాటలన్నీ పదేళ్ళు విని నేర్చుకున్న ప్రోగ్రాం. అడిగితే అచ్చం ఆవిడలాగే బదులు చెబుతుంది. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. ఆ ప్రోగ్రాం ఆ పెట్టెను తప్ప ఇంకో పెట్టెను గుర్తుపట్టదు. ఈమధ్య మాట మధ్యలోనే ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా నేర్చుకున్నదాంట్లో కాస్త చెరిగిపోతోంది. మొన్న పెద్దమ్మాయి పేరు మర్చిపోయింది. అందుకే రాజమండ్రి నుంచి పాత కంప్యూటర్ల శాస్త్రవేత్త షహనాజ్ గారిని బతిమాలి పిలిపించుకున్నాడు.

"పెట్టె చెడలేదండి. లోపల పెత్తనం బాగాలేదు," అన్నారామె.

ఆ పెత్తందారు పేరు కెర్నెల్. పెళ్ళిలో బంతి వేయించే పెద్దమనిషి అనుకోండి. మెమరీ అంటే విస్తళ్ళు వేసే పందిరి. ఇది ఆ రోజుల్లోనే చవకరకం పెట్టె, రెండు జీబీలే, మహా ఇరుకు. చోటు చాలనప్పుడు కొందరిని లేపి అరుగు మీద కూర్చోబెడతాడు. ఆ అరుగే డిస్కు. వాళ్ళను మళ్ళీ పిలుచుకురావాలంటే ఆలస్యం. అరుగు కూడా నిండిందా, అందరికంటే ఎక్కువ చోటు ఆక్రమించినవాళ్ళను రెక్క పట్టి గెంటేస్తాడు. ప్రతిసారీ ఆ గెంటుడు పడేది వరహాలమ్మకే.

"బతికున్నన్నాళ్ళూ తలుపు వారనే నిలబడేది. ఎక్కువ చోటు ఆవిడదా?"

"నూటికి ఎనభై ఆవిడేనండి."

"ఆయ్!" చిట్టబ్బాయి మొహం వెలిగింది. "ఉండనివ్వండి, ఉండనివ్వండి."

షహనాజ్ గారు పనిలోకి దిగారు. లేని ప్రింటరు కోసం కాపు కాస్తున్న ప్రోగ్రాం లాంటి పిలవని చుట్టాలందరినీ పంపేశారు. స్వాపినెస్ అనే అంకెను అరవై నుంచి పదికి దించారు, అంటే ఊరికే అరుగు మీదికి తోలొద్దని. చివరికి వరహాలమ్మ ప్రోగ్రాంకు మైనస్ వెయ్యి గుర్తు వేశారు. ఎంత ఇరుకైనా సరే, ఈవిణ్ణి గెంటొద్దని దాని అర్థం.

"ఇప్పుడు పిలవండి."

"వరాలూ, చింతపండు ఎక్కడ పెట్టావే?"

"రెండో అలమరలో, ఉప్పుజాడీ వెనకాల!"

అడగడం ఆలస్యం, బదులొచ్చేసింది. షహనాజ్ గారు చప్పట్లు కొట్టారు. చిట్టబ్బాయి మాత్రం చతికిలబడ్డాడు.

"ఈవిడ ఆవిడ కాదమ్మా."

సంగతేమిటంటే, వరహాలమ్మ నలభై ఏళ్ళు చేత్తో దండలు కట్టిన మనిషి. తడి అరటినార కొస ఎప్పుడూ పళ్ళ మధ్య ఉండేది. ఏమడిగినా ముందు ముడి బిగించాలి, నార తీయాలి, ఆ తర్వాతే మాట. "పలకవేం? నోట్లో నారా?" అని ఈయన రోజూ వేళాకోళం చేసేవాడు, చేస్తూ ఆవిడ చేతులనే చూసేవాడు. ఇన్నాళ్ళూ పెట్టె ఆలస్యం చేసినప్పుడల్లా, ఆ నారే అనుకున్నాడు పాపం.

"నాలుగు సెకన్లు ఆగి చెప్పమని రాయనా? ఒక్క లైను పని," అన్నారు షహనాజ్.

"ఎవరో ఆగమంటే ఆగే మనిషా అది? పాతదే పెట్టెయ్యండి."

"పెడితే మళ్ళీ ఆగిపోతుందండి. ఈసారి మీ పేరే మర్చిపోవచ్చు."

చిట్టబ్బాయి పెట్టె మీది దుమ్ము కండువాతో తుడిచాడు. "అయితే ఇలాగే ఉండనివ్వండి," అన్నాడు చివరికి.

వారం తర్వాత షహనాజ్ గారు పెట్టె చూడ్డానికి మళ్ళీ వచ్చారు. తెర మీద ఒక్క ఎర్రగీత లేదు, ఆలస్యం సున్నా. చిట్టబ్బాయి చాప మీద కూర్చుని ఉన్నాడు. ముందు బుట్టెడు కనకాంబరాలు, చేతిలో వంకరటింకర దండ, పళ్ళ మధ్య తడి నార. ఆమెను చూసి, కూర్చోమని తలతోనే సైగ చేశాడు.

"పప్పుచారు కాచుకున్నారా?" అంది పెట్టె.

ముడి సగంలో ఉంది. ఆయన పలకలేదు.

పెట్టె కాసేపు చూసింది.

"పలకరేం? నోట్లో నారా?"

చిట్టబ్బాయి తొందరపడలేదు. నార తీయకుండానే ఇంకో ముడి మొదలుపెట్టాడు.