పుట్టగొడుగు ఇటుకలు

"బూజుతోని గోడ కడ్తరా మేడం? మా అవ్వకు బూజు కనబడితే చీపురు అందుకుంటది."

కోరుట్లలో మేస్త్రి రాజేందర్, తన ఇంటి పక్క షెడ్డు అద్దెకు అడగవచ్చిన రజనితో అన్న మొదటి మాట అది. సిరిసిల్ల పిల్ల, పైగా ఆర్కిటెక్ట్, ఊరుకుంటుందా?

"బూజు కాదు, పుట్టగొడుగు పోగులు. మక్క చొప్పను అల్లుకుంటయి. గప్పుడు వేడి చేసి ఆరబెడితే ఇటుక. నేర్చుకుంటరా, నవ్వుకుంటనే ఉంటరా?"

నేర్చుకున్నాడు. నిజం చెప్పాలంటే చొప్ప కంటే ఆమెనే ఎక్కువ చూశాడు. చొప్ప ఉడకబెట్టడం, చల్లారాక పుట్టగొడుగు విత్తనం కలపడం, అచ్చుల్లో నింపడం, అన్నీ ఆమె పక్కనే. వాన పడితే రేకుల చప్పుడుకు మాటలు వినబడక ఇద్దరూ దగ్గరికి జరిగేవారు. ఆ వాన ఆగకపోతే బాగుండునని అతనికి ఒకటే ఆశ.

సారంగాపూర్ అంగన్‌వాడీకి ఒక గోడ కట్టాలి. సోమవారం నలభై ఇటుకలు చూపిస్తేనే ఆ పని దొరుకుతుంది. లేదంటే రజని హైదరాబాద్ వెళ్ళి ఉద్యోగంలో చేరిపోవాల్సిందే.

ఆదివారం అచ్చులు విప్పారు. తెల్లగా అల్లుకోవాల్సిన చొప్ప పొడిపొడిగా రాలిపోయింది. ఒక్క ఇటుకా నిలబడలేదు.

"నేనే ఎక్కడనో తప్పు చేసిన," అంటూ రజని కూలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఆ కళ్ళు చూశాక రాజేందర్ వల్ల కాలేదు.

"మీ తప్పు కాదు మేడం. అచ్చులు నింపిన రోజు మీరు బస్సెక్కినంక నేనే పసుపు నీళ్ళు చల్లిన. కొత్త పని కదా, మంచిగ కావాలని."

"పసుపా? గదే పుట్టగొడుగును పెరగనియ్యది రాజేందర్."

"నాకేం ఎరుక. ఇటుకలు మంచిగొస్తే మీరు పోరనుకున్న. మీరంటే నాకు పాణం."

రజనికి ఏడుపులోనే నవ్వొచ్చింది.

"గీ మాట ముందే చెప్తే నలభై ఇటుకలు బతికేటియి."

టీ తెచ్చిన అతని తల్లి కనకవ్వ అంతా గుమ్మంలోనే నిలబడి విన్నది.

"బిడ్డా, గా గోడ పోతే పోనీ. మా ఇంటెనక జాగ ఉన్నది. మళ్ళ గీ ఇటుకలే చేసి, ఉండేటందుకు ఒక అర్ర కట్టు."

"ఎవరి కోసం అవ్వా?"

"ఉండేటోళ్ళనే కట్టుకొమ్మంటున్న," అని ఆమె టీ గ్లాసులు ఇద్దరి నడుమ పెట్టి వెళ్ళిపోయింది.

రజని అక్కడే కూర్చుని హైదరాబాద్‌కు ఫోన్ చేసి, రావడం లేదని చెప్పింది. తర్వాత రాజేందర్ వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"మన అర్రకు కిటికీ ఏ దిక్కు పెడ్దాం?"