నలభై ఏడో ట్యూబు

బందర్ గోబ్ రేవులో ఉదయం ఏడున్నరకు పశువైద్యుడు ఆదన్ తన జీపు తలుపు తీశాడు. రెండు బుల్లెట్లు తగిలాయి. సైలెన్సర్ వాడారేమో, పక్కనే ఒంటె పాలు అమ్ముకునే ఆవిడ తలెత్తి కూడా చూడలేదు. మధ్యాహ్నానికల్లా అతని కుర్చీలో అసిస్టెంటు ఫిల్సన్ కూర్చుంది.

గూఢచారి శాఖ కల్నల్ ఉబాహ్ తన ఏజెంట్ గూలేద్‌ని నిలబెట్టే మాట్లాడింది.

"హజ్‌కి ఇంకా పన్నెండు రోజులే. మూడు లక్షల గొర్రెలు ఓడ ఎక్కాలి. అరవై రక్తం శాంపిళ్లు రేపు నాలుగింటి విమానంలో మన గొర్రెల్ని కొనే దేశానికి వెళ్తాయి. ఒక్కదాంట్లో జబ్బు కనబడిందా, నిషేధం."

"జబ్బు ఉందా మేడం?"

"మన మందల్లో లేదు. ఎవడో ట్యూబులో పెట్టబోతున్నాడు. నిషేధం పడితే గొర్రెల్ని సగం ధరకి ఊడ్చుకుపోయి దొంగదారిన అమ్ముకుంటాడు. మనకి సుంకం రాదు, సైన్యానికి జీతం ఉండదు. కొండల్లో తుపాకీవాళ్లు చేరినవాడికి నెలకి రెండొందల డాలర్లిస్తున్నారు. మిగతాది నీకు చెప్పాలా?"

అక్కర్లేదు. కిందటిసారి నిషేధం పడినప్పుడు గూలేద్ వాళ్ల అన్న ఆ కొండ ఎక్కాడు. శవం కూడా దిగి రాలేదు.

"ఫిల్సన్?"

"మన మనిషి. వాళ్ల మనిషి కూడా. అసలు ఎవరి మనిషో నాకూ తెలీదు."

ఆఫీసు ఇచ్చిన గాడ్జెట్ ఒక్కటే. కాపరి చేతికర్ర, లోపల బోలు. అందులో ఆరోగ్యమైన గొర్రె రక్తంతో ఒక ట్యూబు.

గూలేద్ దళారి వేషంలో సంతకు వెళ్లాడు. అవిల్ అనే ముసలి కాపరి ఎనభై పొట్టేళ్లతో, పెళ్లీడు దాటుతున్న ఇద్దరు కొడుకులతో కూర్చుని ఉన్నాడు.

"ఈసారైనా ఓడలు కదుల్తాయా అబ్బాయ్?" అన్నాడు అవిల్. "లేకపోతే వీళ్లిద్దరూ నా మాట వినేలా లేరు. అప్పుడే కొండవైపు చూస్తున్నారు."

"కదుల్తాయి బాబాయ్."

మా సంతలో ధర నోటితో చెప్పరు. దళారి భుజం మీది గుడ్డ కింద రెండు చేతులు కలుస్తాయి, వేళ్లే బేరమాడతాయి. నాదిర్ అనే విదేశీ వ్యాపారి వచ్చి గుడ్డ కింద అయిదు వేళ్లు నొక్కాడు. యాభై డాలర్లు. వంద పలికే పొట్టేలు అది. గూలేద్ రెండుసార్లు పిడికిలి నొక్కాడు. నాదిర్ నవ్వి చెయ్యి తీసేసుకున్నాడు. నిజంగా కొనేవాడైతే తిట్టి, పదడుగులు నడిచి, మళ్లీ వచ్చేవాడు. ఇతను వెళ్లి తీరిగ్గా టీ తాగాడు. నిషేధం పడ్డాక పలికే ధర ఇతనికి ఇవాళే తెలుసని గూలేద్‌కి అర్థమైంది.

మర్నాడు మూడూ నలభైకి ఎయిర్‌స్ట్రిప్ మీద ఫిల్సన్ శాంపిళ్ల ఐస్‌పెట్టె పక్కన నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, నీలం రబ్బరు గ్లోవ్స్. అంత దుమ్ములోనూ సెంటు వాసన. ఆమె వెనకే నాదిర్, చెయ్యి కోటు జేబులో. పొద్దుటి నుంచీ ఆమెను వదల్లేదు. కాపరుల తరఫున పెట్టె మోయడానికి గూలేద్ చేతికర్రతో వచ్చాడు.

"ఏం దళారీ, నా పొట్టేలుని అమ్మిపెట్టవేం?" అంది ఫిల్సన్. "ధర చెప్తా, చెయ్యి ఇలా తే."

గ్లోవు చేతిని అతని గుడ్డ కిందికి దూర్చింది. కూలీలు గొల్లున నవ్వారు. ఆడమనిషి అలా బేరమాడటం మావాళ్లు ఎన్నడూ చూడలేదు. నాదిర్ కూడా నవ్వాడు.

నాలుగు వేళ్లు పట్టింది. వదిలింది. అయిదు. వదలకుండా ఇంకో రెండు, మొత్తం ఏడు.

"ఆ ధరకి మేక కూడా రాదు మేడం," అన్నాడు గూలేద్, పెట్టె ఎత్తుకుంటూ.

విమానంలో పైలట్ సీసం సీలు వెతుకుతున్నాడు. గూలేద్ మూత తీశాడు. నలభై ఏడో ట్యూబు. లేబుల్ చెమ్మకి అతుక్కుపోయి రాలేదు. గోటితో గీకాడు. బయట నాదిర్ మెట్లెక్కుతున్న చప్పుడు. లేబుల్ ఊడింది, కర్రలోంచి తీసిన మంచి ట్యూబుకి అంటుకుంది, చెడ్డది కర్రలోకి పోయింది.

"ఏం చేస్తున్నావ్?" అన్నాడు పైలట్.

"ఐసు సర్దుతున్నా."

సీలు పడింది. నాదిర్ తల లోపలికి పెట్టి చూసి, తృప్తిగా దిగిపోయాడు. సరిగ్గా నాలుగు.

రెండు రోజులకు ఫలితం వచ్చింది. అరవైకి అరవై శుభ్రం. ఆ సాయంత్రమే నాదిర్ పడవలో పారిపోయాడు. తెల్లారి జాలర్ల వలకు ఫిల్సన్ దొరికింది. గ్లోవ్స్ చేతులకే ఉన్నాయి. ఆమె ఎవరి మనిషో అడిగే అవసరం ఎవరికీ లేకపోయింది. గూలేద్ ఒడ్డునే కూలబడి అందరి ముందూ ఏడ్చాడు.

ఆ రోజే మధ్యాహ్నం రేడియోలో ప్రకటన వచ్చింది. ఈ ఏడు ఎగుమతులు బాగున్నందున, సైన్యం జీతాలు పెంచేందుకు, గొర్రెకు పది డాలర్లున్న సుంకాన్ని అరవై చేశారు. ఓడల యజమానులు ఆ తేడా తాము భరించలేమన్నారు. కాపరి ధరలోనే కోసేశారు. సాయంత్రానికి సంతలో పొట్టేలు యాభైకి దిగింది.

గూలేద్ సంతకు పరుగెత్తాడు. అవిల్ ఒక్కడే ఉన్నాడు.

"ఓడలు కదిలాయి అబ్బాయ్," అన్నాడు ముసలాయన. "వాళ్లూ కదిలారు."

ఆఫీసుకొచ్చి గూలేద్ కర్ర బల్లమీద పడేశాడు.

"మేడం, ఈ కుట్ర ఎవరిది?"

ఉబాహ్ తల ఎత్తలేదు. "కుట్ర కాదయ్యా, గెజెట్. రహస్యంగా చేసుంటే మనం ఆపేవాళ్లం."