పెళ్లి మాట మీద ఎర్ర ముద్ర

సిదీకీ బయాకీ పరిచయమే పోట్లాటతో మొదలైంది. అదీ రేడియోలో, ఊరంతా వింటుండగా.

కెన్యా తీరాన మొంబాసాలో, దీవి నుంచి అవతలి ఒడ్డుకి జనాన్ని దాటించే పడవల కంపెనీ ఒకటుంది. పడవ ఆలస్యమైనా, ఇంజను మొరాయించినా ఆ సంగతి జనానికి చెప్పే ఉద్యోగం సిదీది. ఒకరోజు ఆమె రాసి పంపిన ప్రకటనను పొద్దుటి కార్యక్రమంలో బయా చదివాడు.

"'సాంకేతిక కారణాల దృష్ట్యా సేవలలో ఏర్పడిన అంతరాయానికి చింతిస్తున్నాము.' వింటున్నారా? ఇది మనిషి రాసిందంటారా? నాకైతే పాడైపోయిన ఇంజనే కూర్చుని రాసుకున్నట్టుంది!"

టీ తాగుతున్న సిదీకి పొలమారింది. కప్పు పక్కన పెట్టి స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"రాసింది నేనండీ. మనిషినే. కళ్లూ ముక్కూ అన్నీ ఉన్నాయి."

"అయ్యయ్యో! మీ పేరు?"

"సిదీ. తమరి పేరు?"

"బయా."

"పేరుకి తగ్గట్టే ఉన్నారు."

స్వాహిలీలో ఆ మాటకి 'చెడ్డ' అని అర్థం. మా తీరంలోని గిరియామా తెగ ఇళ్లలో అది తాతల నాటి పేరు. సిదీ కూడా గిరియామా పిల్లే కాబట్టి, తెలిసే అంటించింది. మైకు ముందు బయాకి నోట మాట రాకపోవడం ఊరు వినడం అదే మొదటిసారి.

మర్నాడు క్షమాపణ చెప్పడానికి ఆఫీసుకొచ్చాడు. బయట వాన దంచికొడుతోంది. ఒకటే గొడుగు. అందులో సగం తడిసి, సగం నవ్వి ఇద్దరూ వీధి చివర కొట్లో వేడి వేడి మహామ్రీలు, అదే మా కొబ్బరిపాల బూరెలు, తిన్నారు. ఆ వారం నుంచి రోజూ పొద్దున్నే బయా గొంతు సిదీ ఫోన్లోకి వచ్చేది. వాన సంగతి, ఆటో వాడితో తగాదా సంగతి, పక్కింటి మేక సంగతి, అన్నీ గొంతు రికార్డు చేసి పంపేవాడు. సిదీ వినాలనుకున్న ఒక్క మాట తప్ప అన్నీ ఉండేవి అందులో.

రేడియోలో అంత వాగుడుకాయ, ఆమె ఎదుట కూర్చుంటే నీళ్లు నమిలేవాడు. ఒక సాయంత్రం సముద్రపు గట్టు మీద కూడా అదే వరస.

"సిదీ, నీతో ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"అదే... రేపు వాన పడుతుందేమో."

"ఇది చెప్పడానికా గంట నుంచి కొబ్బరిబోండాం గీకుతున్నావు?"

బయా నెత్తి గోక్కున్నాడు. సిదీకి నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఇంకెన్నాళ్లురా బాబూ అనుకుంటూ ఇంటికెళ్లి పడుకుంది.

తెల్లారి ఆఫీసులో అడుగు పెట్టగానే పై అధికారి జెఫ్వా ఎదురొచ్చాడు. పెద్దమనిషి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏంటమ్మాయ్ ఇది? నువ్వేనా ఈ పని చేసింది?" అంటూ ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టాడు.

బయా గొంతు. రోజూ పొద్దున్నే వినే గొంతు. "ఈ రోజు పొద్దున ఎనిమిది గంటల పడవ ఎక్కకండి. అడుగున పగులుంది. కంపెనీ దాస్తోంది. సిదీయే స్వయంగా నాతో చెప్పింది."

సిదీ ఆ ఫోన్ తన చేతిలోకి లాక్కుంది. తను చెప్పిందా? పగులేంటి? ఎప్పుడు?

"ఊళ్లో ప్రతి గ్రూపులోనూ ఇదే. రేవు దగ్గర జనం మన టికెట్ల పిల్లని చుట్టుముట్టారు. పడవ నిన్ననే పరీక్ష చేయించాం, గీత కూడా లేదు. ఎందుకు చెప్పావతనికి?"

"నేనేం చెప్పలేదు సార్! దేవుడి తోడు."

"మరి ఆ అబ్బాయి గొంతు కాదా అది?"

అదే గొంతు. కాదని ఎలా అంటుంది? బయాకి ఫోన్ చేస్తే మోగనే లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. మోసం చేశాడా? ఇన్నాళ్లూ మేకల కబుర్లు చెప్పింది ఇందుకా? ఉక్రోషంతో మళ్లీ విన్నది. మళ్లీ విన్నది. మూడోసారికి ఉలిక్కిపడింది.

"సార్, ఇందులో ఎన్ని గంటల పడవంటున్నాడు?"

"పొద్దున ఎనిమిది."

"మన ఊళ్లో పొద్దున ఎనిమిది గంటలంటూ ఉందా సార్?"

జెఫ్వా గోడ గడియారం వైపు చూశాడు.

మా తీరంలో గంటలు సూర్యుడితో పుడతాయి. పొద్దు పొడిచి గంటయితే ఒంటిగంట, రెండయితే రెండు. గోడ గడియారం ఎనిమిది చూపిస్తే మేం దాన్ని పొద్దున రెండు గంటలంటాం. మా లెక్కలో ఎనిమిది గంటలంటే నడి మధ్యాహ్నం దాటాక వచ్చేది. పాలు తాగే పిల్ల కూడా ఇందులో తప్పు చెయ్యదు. ఎవడో పనిలేనివాడు ఇంగ్లీషులో రాసి, గొంతులు అనుకరించే కంప్యూటరు మరకిచ్చి, బయా రేడియో మాటలు దానికి వినిపించి, ఆ గొంతుతో పలికించాడు. గొంతు దొరికింది గానీ గడియారం దొరకలేదు.

"మర!" అంది సిదీ. ఏడుస్తూనే నవ్వింది. "ఇది బయా కాదు సార్! మర!"

"ఓరి దేవుడా," అంటూ జెఫ్వా కుర్చీలో కూలబడ్డాడు. "ఇదివరకు కాగితం మీద సంతకాలు దొంగిలించేవాళ్లు. ఇప్పుడు పీకలోంచి గొంతు లాక్కెళ్తున్నారా? రేపు నా గొంతుతో 'పడవలన్నీ ఉచితం' అంటే ఏం చెయ్యాలి? అసలు మనం చెప్పేది ఎవరు నమ్ముతారమ్మాయ్ ఇక మీదట?"

"ముందు ముద్ర కొడతాను సార్."

మా దగ్గర ఏ ఆఫీసయినా చేసేది ఒకటే. దొంగ వార్త వస్తే దాన్ని ఫోటో తీసి, దాని మీద అడ్డంగా ఎర్ర రంగులో 'నకిలీ' అని ముద్ర కొట్టి, తమ పేజీలో పెడతారు. ఆ ఎర్ర ముద్ర చూస్తే జనానికి గురి. సిదీ ముద్ర కొట్టింది, కింద గంటల సంగతి విడమరిచి రాసింది, పూర్తిగా వినకుండా ఏదీ ఎవరికీ పంపకండని వేడుకుంది. అది చూసి ఊరు పగలబడి నవ్వింది. రేవులో జనం మెత్తబడి పడవ ఎక్కారు.

"శభాష్," అన్నాడు జెఫ్వా. "ఆ గొంతుతో ఇంకేం వచ్చినా వదలకు. కొట్టెయ్ ముద్ర."

వచ్చాయి. పడవ మునిగిందని ఒకటి, కంపెనీ మూసేశారని ఒకటి. ముద్ర, ముద్ర. వేలు నొప్పి పుట్టింది. అప్పుడు, ఎవరిదో తెలియని నంబరు నుంచి, నేరుగా ఆమె ఫోన్‌కే ఒకటి వచ్చింది.

"సిదీ, ఎదురుగా చెప్పలేక చస్తున్నాను. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఎన్నాళ్లుగానో వినాలనుకున్న మాట, అదే గొంతులో! ఒక్క క్షణం ఒళ్లంతా పులకరించింది. మరుక్షణం ఆ పులకరింతకే సిగ్గేసింది. ఛీ, ఎవడో వెధవ తన పేరు పట్టుకుని ఆడుకుంటున్నాడు. తన మనసులో ఏముందో వాడికెలా తెలిసింది? మిగతాది వినకుండా ఆపేసింది. కోపంతో అందులోని మాటలు రాసి, అన్నిటికన్నా పెద్ద ముద్ర దాని మీద కొట్టి, కింద ఇలా రాసింది: 'ఇది పచ్చి నకిలీ. ఇలాంటి మాట బయా ఎన్నడూ అనలేదు, అనడు.'

పెట్టేసింది. ఊరంతా చూసేసింది.

పొద్దెక్కాక అత్త ఫోన్ చేసింది. తల్లి పోయాక సిదీని పెంచింది మేనత్త దామాయే. కొండ మీద కలోలేని అనే ఊళ్లో ఉంటుంది.

"ఏమే, నీకేమైనా పిచ్చి పట్టిందా?"

"ఏమైందత్తా?"

"ఆ బయా మేనమామట, నాలుగు గంటలకే కల్లుకుండ నెత్తిన పెట్టుకుని వచ్చి మన అరుగు మీద కూర్చున్నాడు. పిల్లని అడగడానికొచ్చానంటాడు. ఇంతలో పక్కింటావిడ ఫోన్ తెచ్చి చూపించింది. పెళ్లి చేసుకుంటావా అని అడిగిన పిల్లాడి మొహాన ఎర్ర ముద్ర కొట్టావటగా! పాపం ఆ పెద్దాయన కుండ ఎత్తుకుపోవాలో దించాలో తెలీక చూస్తున్నాడు."

మా వాళ్లలో సంబంధం అడగాలంటే పిల్లాడి తరఫు పెద్ద కల్లుకుండ మోసుకొస్తాడు, పిల్ల ఒప్పుకుంటేనే మూత తీసి తాగుతారు. సిదీ ఆ గొంతును మళ్లీ పెట్టి, ఈసారి చివరిదాకా విన్నది. "...నన్ను పెళ్లి చేసుకుంటావా? మామయ్య అప్పుడే బయల్దేరాడు. పొద్దున నాలుగు గంటలకి మీ అత్త దగ్గరుంటాడు. నిన్న గట్టు మీద చెబుదామనుకున్నాను, చేతకాలేదు. జనం వేలమంది నా మీద ఫిర్యాదు చేసేసరికి నా నంబరు ఆపేశారు. ఇది టీకొట్టు ఆయన ఫోను."

గంటలు కూడా మా తీరం లెక్కలోనే, సరిగ్గా చెప్పాడు. పూర్తిగా వినమని ఊరికి చెప్పి, తను మాత్రం వినలేదు. సిదీ నెత్తి కొట్టుకుంది. జెఫ్వాకి ఒక్క ముక్క కూడా చెప్పకుండా వానలోకి పరుగెత్తింది.

బయా గొంతు ఇక ఎవరూ నమ్మరని రేడియో స్టేషన్లో పొద్దున్నుంచీ మాటల్లేవట, పాటలే. బయా స్టూడియో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తడిసి ముద్దయిన సిదీని చూసి తల తిప్పుకున్నాడు.

"బయా..."

"ఊరంతా దొంగ గొంతుని నాదనుకుంది. సరే, వాళ్లకి తెలీదు. నువ్వు నిజం గొంతుని దొంగదన్నావు. 'ఎన్నడూ అనలేదు, అనడు' అని రాసి మరీ పెట్టావు. అంత గట్టిగా ఎలా తెలిసింది నీకు?"

"ఎన్నడూ అనలేదు కాబట్టి! నోరు తెరిచి ఒక్కసారైనా అన్నావా? మేక కబుర్లు చెప్పావు, వాన కబుర్లు చెప్పావు. అది వినగానే నాకెంత సంతోషం వేసిందో తెలుసా? అంత సంతోషం నిజమై ఉండదనుకున్నాను. అందుకే కొట్టాను ముద్ర!"

బయా ఆమె వైపు తిరిగాడు. కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు.

"సంతోషం వేసిందా?"

"ఏడిపించకు. ఇప్పుడు అడుగు."

అతను నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. సిదీ అత్తకి ఫోన్ చేసింది.

"అత్తా, నాకిష్టమే. కుండ దించమను."

"గొంతు నీదే," అంది అత్త. "నీదేనని నేనెలా నమ్మను? ఊళ్లో గొంతులన్నీ దొంగ గొంతులేనని రాసి పంపింది నువ్వే కదే! మనిషివి రా. నా ఎదురుగా నిలబడి చెప్పు. అప్పుడే మూత తీస్తాం. సాయంత్రానికి కల్లు పులిసిపోతుంది, ఆయన ఇంకో కుండ మోస్తాడో మొయ్యడో."

ఇద్దరూ వ్యానెక్కారు. కొండదారి బురద. మధ్యలో చక్రం దిగబడితే దిగి తోశారు. దారిలో జెఫ్వా ఫోన్ చేశాడు: "అమ్మాయ్, ఆ నకిలీ ముద్రే నకిలీ అని ఇప్పుడు నేనే రాసి పెట్టాలా? ఎలా రాయను?" "మనిషి రాసినట్టు రాయండి సార్," అంది సిదీ. పక్కన బయా పొద్దుట్నుంచీ మొదటిసారి నవ్వాడు.

కలోలేని చేరేసరికి పొద్దు వాలుతోంది. అరుగు మీద అత్త, బయా మేనమామ, చుట్టూ సగం ఊరు. మధ్యలో మూత తియ్యని కుండ. అత్త లేచి వచ్చి సిదీ గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పింది. బుగ్గ గిల్లింది.

"అబ్బా!"

"మనిషే," అంది అత్త, చుట్టూ ఉన్నవాళ్లతో. "చెప్పవే. ఈ కల్లు తాగమంటావా, తిప్పి పంపమంటావా?"

సిదీ చెప్పబోయింది. రోజూ వేలమందికి ప్రకటనలు రాసే పిల్లకి ఒక్క మాట రాలేదు. కళ్లనిండా నీళ్లు తప్ప ఏమీ లేవు. మేనమామ చెయ్యి మెల్లిగా కుండ వైపు వెళ్లింది, ఎత్తుకుపోవడానికి.

"సిదీ, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

బయా గొంతే. బిగ్గరగా, వణుకుతూ, మధ్యలో విరిగిపోయింది. రేడియోలో ఎవరూ ఎప్పుడూ వినని గొంతు. మేనమామ అదిరిపడి, "ఓరి వెధవా, అడగాల్సింది నేను రా!" అన్నాడు. జనం ఘొల్లుమన్నారు.

"తాగండత్తా," అంది సిదీ.

పక్కింటావిడ ఫోన్ పైకెత్తి, "ఉండు పిల్లా, ఆ మాట మళ్లీ ఒకసారి అను, వీడియో తీస్తాను," అంది.

"దించు ఆ ఫోను," అంది అత్త మూత తీస్తూ. "ఇక్కడున్నవాళ్లం విన్నాం. చాలు."

కొబ్బరి చిప్పలో కల్లు నింపి సిదీ చేతికిచ్చింది. సిదీ ఒక గుటక వేసి, చిప్పను బయాకి అందించింది.