వెళ్లొస్తానని చెప్పని యంత్రం

తాడు విప్పేసి చీకట్లోకి తేలిపోతున్న హంసికను మళ్లీ లోపలికి లాక్కొచ్చారు.

భూమి చుట్టూ తిరిగే ఆ కాలేజీలో పిల్లలు స్పేస్‌సూట్ వేసుకుని బయటికెళ్తే నడుముకు తాడు ఉండాల్సిందే. కింద నెల్లూరులో అన్నయ్య పోయినప్పటి నుంచీ హంసికది ఇదే వరస.

"తేలుతుంటే కాసేపు ఏమీ అనిపించదు మేడమ్," అంది. కాలేజీ డాక్టర్ వకుళ బయటి తలుపు వైపు చూసింది. తలుపుకు తాళం వేస్తే ఆ పిల్ల ఇంకో దారి వెతుక్కుంటుంది.

వకుళ తయారుచేసిన యంత్రం పేరు పలకరింపు. గుమ్మడికాయంత ఉంటుంది, లేత పసుపు వెలుగుతో తేలుతూ వస్తుంది. మన దగ్గర ఎవరైనా పోతే నలుగురూ వచ్చి "ఎలా జరిగిందమ్మా?" అని అడుగుతారు, చెప్పిందే మళ్లీ చెప్పించుకుని వింటారు. అంత ఎత్తుకు ఎవరొస్తారు? ఆ పని దీనికి అప్పగించారు. గొంతులో వణుకును సెన్సర్లు పట్టుకోగానే దగ్గరికొచ్చి అడుగుతుంది.

హంసిక చెప్పింది. బైకు, వాన, అన్నయ్య రోజూ మాడబెట్టే ఆమ్లెట్టు. కిటికీలో చుక్కలు మెల్లగా తిరిగాయి. అంతా విని యంత్రం మౌనంగా వెళ్లిపోయింది. మర్నాడు ఆమె మళ్లీ తాడు విప్పింది.

"బాగానే మాట్లాడావు కదమ్మా?" అంది వకుళ.

"అది చెప్పకుండా వెళ్లిపోయింది మేడమ్. అన్నయ్య కూడా అంతే."

వకుళ తల పట్టుకుంది. చావు జరిగిన ఇంట్లోంచి లేచేటప్పుడు 'వెళ్లొస్తాను' అనకూడదని వాళ్లమ్మ చెప్పేది. ఆ మర్యాదను ఈవిడ యంత్రానికీ నేర్పింది. అంత చదువుకున్న మనిషికీ ప్రోగ్రాంలో ఆ ఒక్క లైను కొట్టేయడానికి చెయ్యి రాలేదు. చివరికి కళ్లు మూసుకుని కొట్టేసింది.

"వెళ్లొస్తాను హంసికా," అంది యంత్రం ఆ సాయంత్రం. ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత తాడు విప్పలేదు. రేపు అది వచ్చేసరికి తను ఉండాలి కదా.

కొన్నాళ్లకు కిరీటి అనే కుర్రాడి అమ్మ పోయింది. యంత్రం కన్నా ముందే హంసిక వాడి గదికెళ్లి కూర్చుంది. లేచేటప్పుడు "వెళ్లొస్తాను. నువ్వు మాత్రం తాడు కట్టుకో," అంది. అలా పిల్లలే ఒకరి గదికొకరు తిరగసాగారు. పలకరింపును పిలిచేవాళ్లు లేకుండా పోయారు.

"ఇంక నీతో పనిలేదు, వెళ్లి మూల కూర్చో," అంది వకుళ నవ్వుతూ. "మా అమ్మ ఉంటే నన్ను చూసి నవ్వేది."

యంత్రం కదల్లేదు. మెల్లగా ఆమె దగ్గరికొచ్చి ఆగింది.

"ఎలా జరిగిందమ్మా?"

అమ్మ పోయిన ఇన్నేళ్లలో ఆమెనెవరూ అలా అడగలేదు. చాలాసేపు చెప్పింది. పసుపు వెలుగు లేచి తలుపు వైపు తేలుతుంటే, అది ఏదైనా అనేలోపే గాభరాగా పిలిచింది.

"చెప్పి వెళ్లవే."