మిల్లు వెనక సందులో మూలుగు

మూతబడ్డ మిల్లు వెనకాల ఒక సందుంది. పగలు చూస్తే అందులో భయపడాల్సింది ఏమీ లేదు. ఒకవైపు మిల్లు గోడ, ఇంకోవైపు గోదాముల వీపులు, మధ్యలో ఒకే ఒక్క ఇల్లు. తుప్పు పట్టిన గేటు, వరండా, వరండాలో ఒక ఖాళీ కుర్చీ... అంతే. కానీ చీకటి పడితే మాత్రం మనిషన్నవాడు అటు వెళ్ళడు. కుక్కలు కూడా ఆ గేటు దాకా వచ్చి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరుగుతాయట.

ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. పోయింది. పోయిందన్న సంగతి బయటపడడానికి ఎనిమిది రోజులు పట్టింది. బతికున్నన్నాళ్ళూ తన గడప తొక్కని వాళ్ళ కోసం ఆవిడ ఇంకా గేటు దగ్గరే కాచుకుని ఉందని చుట్టుపక్కల వాళ్ళంటారు.

నువ్వు చూశావా అని నన్నడగొద్దు. నేను ఉండేది వేరే ఊళ్ళో. జరిగింది మా బావకి, చెప్పింది మా బావ. ఆయన అబద్ధం చెప్పడు. అబద్ధానికి కాస్తో కూస్తో ఊహ కావాలి, అది ఆయన వంశంలోనే లేదు.

బావ ఒక కళ్ళద్దాల షాపు వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు. దెయ్యాల మాటెత్తితే ఒకటే సమాధానం — కనిపించని దానికి పేరు పెట్టకూడదు, అద్దాలు మార్చుకోవాలి. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. అక్క ఆయన్ని చేసుకున్న నాటి నుంచీ నాలుగో కాలు గురించి మాట్లాడటం మానేసింది.

అసలు కష్టం దెయ్యంతో కాదు, గడియారంతో వచ్చింది. అక్క ఆసుపత్రిలో నర్సు. కొత్తగా రాత్రి డ్యూటీ పడింది. తొమ్మిదింటికి వీధి చివరికి వ్యాను వస్తుంది, ఒక్క నిమిషం కూడా ఆగదు. బావ షాపు మూసేది ఎనిమిదిన్నరకి. ఆయనెక్కే బస్సు ఊరంతా ప్రదక్షిణం చేసి తొమ్మిదిన్నరకి దింపుతుంది. ఆ అరగంటా ఇంట్లో ఉండేది ఐదేళ్ళ పిల్ల ఒక్కతే, బయట తాళం. ఎదురు వాటా వాళ్ళని కాస్త చూడమందామంటే, తలుపు కొట్టిన చప్పుడు వినబడగానే టీవీ సౌండు పెంచే మహానుభావులు వాళ్ళు.

మొదటిసారి పిల్ల నిద్రపోయింది, గండం గడిచింది. రెండోసారి కరెంటు పోయింది. బావ తలుపు తీసేసరికి పిల్ల తలుపుకి అతుక్కుపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. తర్వాత రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, బొమ్మలతో కూడా.

ఆ రెండు రోజులూ బావకి ముద్ద దిగలేదు. అక్క ఏడవలేదు, అరవలేదు. ఇంకోసారి పిల్ల అలా ఒంటరిగా ఉండిపోతే ఉద్యోగం మానేస్తానని మాత్రం చెప్పింది. ఆ ఇల్లు నిలబడింది ఆ ఉద్యోగం మీదే. బావ అరగదీసే అద్దాల మీద కాదు.

మిల్లు సందులోంచి వస్తే దూరం సగానికి సగం తగ్గుతుంది. కాకపోతే రెండు చివర్లా ఇనప స్తంభాలు పాతేశారు, మోటారు బండి దూరదు. అందుకని బావ సైకిలు వెతికాడు. పాత సామాన్ల కొట్లో, విరిగిన కుర్చీల కింద దొరికిందది — నలభై ఏళ్ళ నాటి పందెం సైకిలు. వేలెడు మందం టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. అడిగినదానికంటే తక్కువకే కొట్టువాడు ఇచ్చేశాడట. అక్కడే అనుమానించాలి. మా బావ బేరం గెలిచాననుకున్నాడు.

అక్క బతిమాలి మూడు వారాలు పగటి డ్యూటీ వేయించుకుంది. ఆ మూడు ఆదివారాలూ బావ బాల్కనీలోనే కాపురం పెట్టాడు. చైను కిరసనాయిల్లో నానబెట్టాడు. బ్రేకు రబ్బర్లు, తీగలు, టైర్లు కొత్తవి వేశాడు. రిమ్ముల బెండు తీయడానికి అద్దాలు కొలిచే పరికరం తెచ్చి, వెంట్రుకవాసి తేడా కూడా లేకుండా సరిచేశాడట. అక్క బట్టలారేసుకోవడానికి మేడమీదికి పోయింది. నాలుగో సోమవారం దానిమీద వంగి, పోగొట్టుకున్న చిల్లర వెతుక్కుంటున్నట్టు తొక్కుకుంటూ పనికి వెళ్ళాడు.

ఎనిమిదిన్నరకి బయల్దేరితే తొమ్మిదికి పది నిమిషాల ముందే ఇంట్లో ఉన్నాడు. పిల్ల ఎగిరి మెడకి చుట్టుకుంది. అక్క వ్యాను కోసం పరిగెత్తకుండా నడిచి వెళ్ళింది.

ఆ సుఖం వారం రోజులే.

రెండో వారంలో ఒక రాత్రి... సందులో చీకటి. సైకిలుకి కట్టిన చిన్న లైటు తప్ప ఇంకో వెలుతురు లేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళ కింద ఎవరో మూలిగారు.

గాలనుకున్నాడు. మళ్ళీ మూలిగింది — సన్నగా, నెమ్మదిగా, నడుం పట్టేసిన ముసలివాళ్ళు లేవబోయి లేవలేక మూలిగినట్టు. తొక్కడం ఆపాడు. అదీ ఆగింది. తొక్కాడు. మూలిగింది.

గేటు దాటితే సందు పల్లం, తొక్కక్కర్లేదు. సైకిలు దానంతటదే జారింది, మూలుగు వెనకే ఉండిపోయింది. సందు దాటితే పెద్ద వీధి, హారన్లు, జనం. బావ ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు. ఏమైందని అక్క అడిగితే దాహమన్నాడు.

మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. పొద్దున వెళ్ళేటప్పుడు అదే గేటు ముందునుంచి వెళ్తాడు, చిన్న చప్పుడు కూడా ఉండదు. పగలు దెయ్యాలు తిరగవు కదా — ఈ మాట ఆయన పైకి అనలేదు, లోపల అనుకున్నాడు. అనుకున్నందుకు తనమీద తనకే కోపం వచ్చిందట.

ఒకరోజు ధైర్యం చేసి గేటు వైపు లైటు తిప్పాడు. వరండాలో కుర్చీ కనిపించింది. పొద్దున వెళ్తూ చూసినప్పుడు అది గోడవైపు తిరిగి ఉంది. ఇప్పుడు... సందువైపు.

ఆ రాత్రి నాకు ఫోను చేశాడు. అక్కకి వినబడకూడదని బాత్రూములోంచి, గుసగుసగా. మరి అద్దాలు మార్చావా బావా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఆ గొంతు వింటే అడగబుద్ధి కాలేదు.

దాంతో మెయిన్‌రోడ్డు పట్టాడు. తొమ్మిదీ పదికి చేరాడు. పిల్లనొదిలి వెళ్ళలేక అక్క ఆగిపోయింది, వ్యాను వెళ్ళిపోయింది. అలా నాలుగు రోజులు. ఐదోరోజు హెడ్డు నర్సు అక్కని పిలిచి, ఇంకొక్కసారి ఆలస్యమైతే కాయితం ఇచ్చి పంపిస్తామని చెప్పింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆ రెండిట్లో బావ గేటునే ఎంచుకున్నాడు. పిల్ల గొంతు పోయిన రాత్రి కంటే ఏ దెయ్యమూ ఎక్కువ కాదన్నాడు నాతో. ఆ ఒక్క మాటకి ఆయన మీద నాకున్న వెటకారమంతా కాసేపు మాయమైంది.

కానీ మా బావ ఊరికే భయపడే మనిషి కాదు, కారణం తెలుసుకుని భయపడే మనిషి. షాపు దగ్గర చెట్టు కింద ఒక సైకిలు మెకానిక్కున్నాడు. దేనికైనా ముందు చుక్క నూనె వేసి చూస్తాడని అందరూ ఆయన్ని చుక్కనూనె తాత అంటారు. సైకిలు తీసుకెళ్ళి, విషయమంతా కాకుండా, మూలుగు మటుకు చెప్పాడు.

తాత సైకిలుని తలకిందులు చేశాడు. పెడళ్ళని కలిపే ఇరుసుంటుంది కదా, దాన్ని పట్టి ఉంచే కప్పుని వేలితో కదిపాడు. కదిలింది.

దీన్ని నువ్వు బిగిస్తున్నావా అని అడిగాడు. బావ గర్వంగా రోజూ రెండుసార్లు అన్నాడు. ఇంటి దగ్గర బయల్దేరే ముందోసారి, షాపు దగ్గర బయల్దేరే ముందోసారి. పానా సంచీలోనే ఉంటుంది.

తాత నవ్వాడు. ఆ కాలం సైకిళ్ళు కొన్నిటికి కుడివైపు కప్పుకుండే మర అన్నిటికీ ఉన్నట్టు ఉండదట. తొక్కేకొద్దీ కప్పు తనంతట తనే వదులవుతుంది. వదులయ్యాక మూలుగుతుంది.

"షాపు నుంచి ఆ గేటు ఎంత దూరం?"

"మూడున్నర కిలోమీటర్లు."

"అయితే పొద్దున మీ ఇంటి నుంచి మూడున్నర దగ్గర చెవి పెట్టి విను."

మర్నాడు పొద్దున బావ చెవి పెట్టాడు. హారన్ల మధ్య, సరిగ్గా మూడున్నర దగ్గర, అదే మూలుగు. తలెత్తి చూస్తే — బ్యాంకు. బ్యాంకు ముందు మూలగడం లోకంలో సహజమే కనక ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోలేదు.

ఇక చూడండి మా బావని. రోడ్డు మీదే నవ్వాడట. కొండను తవ్వి ఎలుకను పట్టాను బావమరిదీ అని నాకు ఫోను చేశాడు, ఈసారి బాత్రూములోంచి కాదు, షాపు మధ్యలోంచి. వచ్చిన ప్రతివాడికీ కళ్ళజోడుతోపాటు ఈ కథ కూడా కట్టి పంపాడు. కుర్చీ సంగతేమిటి బావా అంటే, గాలికి తిరిగి ఉంటుందన్నాడు. ఇనప కుర్చీ.

తాత ఒక మాట చెప్పాడు. మర శుభ్రం చేసి, పట్టి ఉంచే జిగురు వేసి ఆరబెట్టాలి, సైకిలు రెండు రోజులు వదిలిపెట్టు అని. రెండు రోజులంటే రెండు రాత్రులు బస్సు. బావ ఒప్పుకోలేదు. రోజూ కంటే గట్టిగా బిగిస్తే చాలదా అన్నాడు.

"బిగిస్తే ఆగేది కాదయ్యా అది. ఏదో ఒకరోజు మొత్తం ఊడొస్తుంది."

మూడు కాళ్ళ కుందేలు మళ్ళీ నిలబడింది. బావ ఒక ఇనప గొట్టం సంపాదించి, పానాకి తొడిగి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించాడు. లోపల ఏదో చిటుక్కుమంది. బాగా పట్టిందనుకున్నాడు.

ఆ రాత్రి మూలుగు రాలేదు. సందులోకి ఈలవేసుకుంటూ వచ్చాడు. గేటు ముందుకొచ్చేసరికి... ఫట్‌మని కప్పు పగిలింది. పెడలు పక్కకి ఒరిగింది, చైను మెలికపడి చక్రాన్ని పట్టేసింది. మనిషి ఎగిరి గేటుకి కొట్టుకుని కింద పడ్డాడు. కుడికాలి చీలమండ మెలితిరిగింది. లైటు ఆరిపోయింది.

చీకట్లో చాలాసేపు లేవలేకపోయాడు. ఎవరైనా వస్తారేమోనని చూశాడు. నిజం చెప్పాలంటే, ఎవరూ రాకూడదని చూశాడు. గేటు కదల్లేదు. వరండాలో అలికిడి లేదు. అంత నిశ్శబ్దం తను ఆ సందులో ఎప్పుడూ వినలేదన్నాడు. ఆ ఇంట్లో నిజంగా ఎవరూ లేరు అని ఆ క్షణం ఒంటికి తెలిసిందట, ఇంటివాళ్ళు ఊరెళ్ళినప్పుడు తెలిసినట్టు.

అక్కకి ఫోను చేశాడు, ఎత్తలేదు. అప్పటికే తొమ్మిది దాటింది. ఇంకొక్క ఆలస్యానికి ఉద్యోగం పోతుంది కనక, నాన్న ఇదిగో వచ్చేస్తాడని పిల్లకి చెప్పి, తాళం వేసి వ్యానెక్కేసి ఉంటుంది. వ్యాను రొదలో ఫోను వినబడి ఉండదు, వార్డులోకైతే తీసుకెళ్ళనే తీసుకెళ్ళరు.

సైకిలుని గేటుకి ఆనించి కుంటడం మొదలుపెట్టాడు. సందు చివరికొచ్చి, వచ్చిన ప్రతి బండికీ చెయ్యెత్తాడు. చేతుల నిండా గ్రీజు, మొహం మీద నెత్తురు, ఒక కాలు ఈడ్చుకుంటూ మిల్లు సందులోంచి చీకట్లో వస్తున్న మనిషి... ఎవడాపుతాడు? ఒకతను ఆపబోయి, మొహం చూసి, బండి వేగం పెంచాడు. మర్నాటికి ఆ సందుకి రెండో దెయ్యం పుట్టింది. అది మా బావే.

ఆ నడక గురించి మాత్రం ఆయన నాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కాలు నొప్పి గుర్తులేదట. తలుపుకి అతుక్కున్న పిల్లే కళ్ళముందు కనిపించిందట. దారి పొడుగునా అందరికీ మొక్కాడు — ఏ దేవుడికో కూడా తెలియకుండా, ఎదురైన కరెంటు స్తంభానికల్లా.

మెట్లెక్కేసరికి పావు తక్కువ పది. ఏడుపు వినబడలేదు. అది ఇంకా భయం. తాళం తీశాడు. అది బయట నుంచి వేసినది వేసినట్టే ఉంది. కిటికీల గడియలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

పిల్ల మంచం మీద కాళ్ళాడిస్తూ కూర్చుని ఉంది. కళ్ళలో తడి లేదు. తలకి రెండు జడలు, బిగుతుగా, పాపిడి తిన్నగా తీసి.

అక్క వేసి వెళ్ళిందనుకున్నాడు. తలంటు పోసి, చిక్కులు కూడా తీయకుండానే పరిగెత్తానని అక్క పొద్దున చెప్పింది.

"భయపడ్డావా అమ్మా?"

పిల్ల లేదని తలూపింది. "ఆవిడ ఉంది కదా. మీ నాన్న మా గేటు దగ్గర పడ్డాడు, లేచి వస్తున్నాడు, ఏడవకు అని చెప్పింది."

బావ గోడ పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల దగ్గరికొచ్చి, ఆయన మోకాలి మీద చెక్కుకుపోయిన చోట మెల్లగా ఊదింది.

"రేపటి నుంచి రోజూ వస్తానంది. నువ్వు నిదానంగా రా నాన్నా."