నల్లగుట్ట దిడ్డి తలుపు

కేంబ్రిడ్జ్‌లోని తెలుగువాళ్లు నాటకం రిహార్సల్స్ కోసం ఒక పాత చర్చి హాలు అద్దెకు తీసుకున్నారు. మల్లికార్జున్‌ది పోతమనాయకుడి వేషం. కరువులో జనం తినే గింజలు రాజుకు పంపనని ఎదురు తిరిగి, నల్లగుట్ట కోట తలుపులు బిగించుకున్న దొర ఆయన.

"మీ వంశంవాడే కదటయ్యా! ఆ పౌరుషమంతా నీ మీసంలోనే ఉంది," అన్నారు నాటకం ఆడిస్తున్న జనార్ధనరావు గారు.

మల్లికార్జున్ నేల చూపులు చూస్తూ నవ్వాడు. ఆ అబద్ధం పుట్టించింది తనే. నిజానికి వాళ్లది రాజు సైన్యానికి కోట గోడలోని చిన్న దిడ్డి తలుపు తీసిన కావలివాడి వంశం. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనరు. కూతురు సాత్విక మాత్రం, "డాడ్, మనది దొర వంశమని చెబితే మా క్లాస్ అంతా క్లాప్స్ కొట్టారు!" అని మొన్ననే మురిసిపోయింది. ఇప్పుడు కాదనడానికి నోరెలా వస్తుంది?

సాయంత్రం ఐదింటికే చీకటి పడింది. జనార్ధనరావు గారు సాత్వికను వెంటబెట్టుకుని కాఫీలు తేవడానికి వెళ్లారు. హాల్లో ఒంటరిగా మిగిలిన మల్లికార్జున్ లోపల గడియ పెట్టుకున్నాడు.

బయట మంచు కురుస్తోంది. హీటర్ గొణుగుడు ఆగిపోయింది. ఎక్కడినుంచో మాడిన జొన్నల వాసన... తడి తోలు వాసన...

తలుపు మీద చిన్న చేతి చప్పుడు.

"నాన్నా... తలుపు తియ్యి."

ఒక్క ఉదుటున లేచాడు. వెనక, ఖాళీ స్టేజీ మీది చీకట్లోంచి ఎవరో గుసగుసగా అన్నారు.

"తియ్యకురా."

గడియ మీద చెయ్యి వేసి ఆగాడు.

"చలేస్తోంది నాన్నా..."

"ఈసారైనా... తియ్యకురా."

ఆ గొంతులో కోపం లేదు. బతిమాలుతోంది. కానీ బయట ఉన్నది కన్నబిడ్డ. ఏ తండ్రి ఆగుతాడు? గడియ లాగేశాడు.

ఎవరూ లేరు. మెట్ల మీద మంచు చెక్కు చెదరలేదు. చలిగాలి మాత్రం భుజాలు రాసుకుంటూ ఒకరి వెనక ఒకరు దూరినట్టు లోపలికి తోసుకొచ్చింది. అప్పుడే ఫోన్ మోగింది.

"డాడ్, హాట్ చాక్లెట్ కావాలా?"

డాడ్... సాత్విక తనను ఏనాడూ నాన్నా అని పిలవలేదు.

స్టేజీ మీద ఒక నిట్టూర్పు.

"ఆ రాత్రి మీ కావలివాడికీ బయట కూతురి గొంతే వినబడింది. నువ్వూ తీశావు."

తర్వాత ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు. సగంలో తెగిన కేక. సిగ్గుతో చచ్చిపోతూ, మల్లికార్జున్ ఆ వైపు తల తిప్పలేకపోయాడు.

కాసేపటికి వాళ్లు తిరిగొచ్చారు. మల్లికార్జున్ కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా, నీకు అబద్ధం చెప్పాను. మనం దొర వంశం కాదు. ఆ తలుపు..."

"ఐ నో, డాడ్," అంది సాత్విక మెల్లగా. "షీ టోల్డ్ మీ."

"ఎవరు?"

సాత్విక ఎడమచేయి పక్కకు జార్చి, తనకన్నా చిన్నపిల్లను నడిపించుకొచ్చినట్టు నిలబడింది. ఎవరో గట్టిగా నొక్కి పట్టుకున్నట్టు, ఆ వేళ్లు నెత్తురు లేక పాలిపోయి ఉన్నాయి.