రంధ్రంలో ఎర్రపొట్టు

అపరాధ పరిశోధకుడి గుమ్మం తొక్కేవారు వణుకుతూ రావడం శాస్త్రసమ్మతమైన ఆచారం. ఆ ఉదయం వచ్చిన వడ్రంగి స్త్రీ దాన్ని మన్నించలేదు. కుర్చీ చూపితే కూర్చోలేదు. ఒక కాగితం బల్లమీద పెట్టి, దానిపై పిడికిలి ఆనించింది.

“దీనిమీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టను. ఎందుకు పెట్టనక్కర్లేదో మీరు తేల్చాలి.”

ఊరంతా ఉడుంపట్టుగారని పిలిచే ఆ మహానుభావుడు కాగితం అందుకుని, దీర్ఘంగా శూన్యంలోకి చూశారు. ఆయన నలభై రెండేళ్ల శిష్యుడు, సగం కేసు అప్పుడే తేలిపోయిందని పరవశించాడు. నిజానికి గురువుగారు కళ్లజోడు వెతుక్కుంటున్నారు.

కాగితం సారాంశం ఇది: చెక్కను నునుపు చేసే చిత్రిక మిషనులో, కత్తిని కప్పి ఉంచే రెక్కను ఆమె సరిగా బిగించలేదు. అందువల్ల నిన్న ఉదయం పెద్ద మేస్త్రి వేలి కొస తెగింది. ఇకమీదట ఆమె ఏ మిషనునూ ముట్టదు.

“మేస్త్రి మీకేమవుతారు?”

“మామగారు. సాయంత్రం ఆ ఇంటికే వెళ్లాలి నేను.”

“రెక్క ఎలా బిగించారు?”

“మొన్న సాయంత్రం, తెల్లకర్ర పని ముగిశాక. రెక్క కాడ దిగే రంధ్రాన్ని ఊది శుభ్రం చేశా. కింద స్ప్రింగు కొస కాడ గాడిలో పడేలా అడుగుదాకా దించా. స్ప్రింగును చుట్టున్నర తిప్పి స్క్రూ బిగించా. మరీ బిగిస్తే చెక్కను పోనివ్వదు, వదిలేస్తే వేలిని ఆపదు. చెక్క దాటగానే టక్కున మూసుకుంటోందా అని పదిసార్లు చూశా.”

గంటలో అందరూ కార్ఖానాలో ఉన్నారు. గోడగడియారం సైతం పొట్టు కప్పుకున్న ఆ లోకంలో యజమాని దుస్తులు మాత్రం మల్లెపువ్వులా ఉన్నాయి.

“చూడ్డానికేముందండీ? ఆడవాళ్ల బిగింపు,” అన్నాడు.

“ఆ బిగింపులతోనే కదా నాలుగేళ్లుగా మీ మిషన్లు తిరుగుతున్నాయి,” అన్నదామె.

కుడిచేతికి కట్టుతో వచ్చిన మేస్త్రి, స్టూలును ఉఫ్‌మని ఊది కూర్చున్నారు. ఆయన వెనక ఇద్దరు పనివాళ్లు నిలబడ్డారు. ఉడుంపట్టుగారు కర్రతో రెక్కను పక్కకు తోశారు. అది అత్తవారింటికి చేరిన అల్లుడిలా, వెనక్కి రాకుండా అక్కడే ఉండిపోయింది.

ఆయన పక్కనున్న చెక్కల దొంతిని చూపించారు. “ఈ ఎర్రకర్ర ఎప్పుడొచ్చింది?”

“నిన్న పొద్దున,” అన్నాడొక పనివాడు. “దాన్ని చిత్రిక పడుతుంటేనే దెబ్బ తగిలింది. మేం మేస్త్రిని మోసుకుని వీధిలోకి పరిగెత్తాం. మోటారు ఆపడానికి ఓనరుగారు ఉండిపోయారు.”

“ఒక్కడికైనా బుద్ధి ఉండాలిగా,” అన్నాడు యజమాని.

ఉడుంపట్టుగారు కాడను పైకి లాగి, రంధ్రంలోకి తొంగిచూసి, అందరినీ మిషను చుట్టూ చేర్చారు. నిండు సభలో తీర్పు చెప్పబోయే చక్రవర్తిలా గొంతు సవరించుకున్నారు.

“కాడ లోపలుంటే ఈ రంధ్రంలోకి పొట్టు దూరదు. కానీ అడుగున ఎర్రపొట్టు దట్టంగా ఉంది. ఆమె బిగించేనాటికి ఎర్రకర్ర ఈ గడప తొక్కలేదు. అంటే నిన్న కత్తి తిరిగినప్పుడు రెక్క లేదు. దెబ్బ తగిలాక ఎవరో తెచ్చి పెట్టారు. పొట్టు అడ్డుపడి కాడ పూర్తిగా దిగలేదు, స్ప్రింగు గాడిలో పడలేదు. వడ్రంగి అయితే ఊదకుండా రంధ్రంలో ఏదీ దించడు; మేస్త్రిగారు స్టూలును కూడా ఊదే కూర్చున్నారు. ఇక్కడ వడ్రంగి కానివారు ఒక్కరే. అప్పుడు లోపలున్నదీ వారే.”

యజమాని చెమట తుడుచుకున్నాడు. “రెక్క లేదని తెలిస్తే తనిఖీవాళ్లు తాళం వేస్తారు. అందుకే పెట్టాను. తీసింది మాత్రం నేను కాదు.”

“నేనే తీశా,” అన్నారు మేస్త్రి, ఎవరినీ చూడకుండా. “నలభై ఏళ్లు నా చేతులకు నేనే కాపలా. కోడలు కట్టిన రెక్క చాటున పనిచేయడానికి మనసొప్పలేదు.”

“నన్ను దోషిని చేస్తుంటే మనసెలా ఒప్పింది మామయ్యా?”

యజమాని ఉడుంపట్టుగారి చేతిలోని కాగితాన్ని లాక్కుని చించేశాడు. “అయిపోయిందిగా. రెక్క బిగించమ్మా, పని చూద్దాం.”

ఆమె పానా అందుకోలేదు. “కోడలు మామ వేలు తీసిందని నాలుగు కార్ఖానాల్లో చెప్పుకుంటున్నారు. చించితే ఆ మాట చిరుగుతుందా? ప్రమాదాల పుస్తకంలో జరిగింది రాయండి. రాసేదాకా రెక్క ఎక్కదు.”

“తాళం పడితే?”

“పడనీండి. చెయ్యని తప్పుకు తలవంచను.”

యజమాని పనివాళ్ల వైపు చూశాడు. వాళ్లిద్దరూ చేతులు కట్టుకుని చెక్కల దొంతిమీద చతికిలబడ్డారు.

మేస్త్రి లేచి, అలమరలోంచి పుస్తకం తెచ్చారు. ఎడమచేత్తో, అక్షరానికొక యుగం చొప్పున, ‘రెక్క తీసింది నేను’ అని రాశారు. అక్షరాలు వాన తగిలిన చీమల్లా చెదిరాయి, అయినా చదవవచ్చు. పుస్తకాన్ని యజమాని ముందుకు తోశారు.

“ఇక మీరు రాయండి. మీ కుడిచెయ్యి బాగానే ఉందిగా.”